రక్షణ బోర్డుల దారిలో ఆరు రోజులు

మొదటి రోజు: మెల్‌బోర్న్

మా అమ్మాయి ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది. పొద్దున మీటింగ్ మొదలయ్యే ముందు ఎవరో ఒకరు రెండు ముక్కలు చదువుతారు. మనం ఉన్న ఈ నేల ఊరుండ్జరీ ప్రజలది, వారి పెద్దలకు మా గౌరవం, అని. వంటింట్లో కూరలు తరుగుతూ రోజూ వింటూ ఉండేదాన్ని. మన సభల్లో ప్రార్థన గీతం లాంటిదేమో అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "ఆ ఊరుండ్జరీ వాళ్లు ఎక్కడుంటారే?" అని. అది కాసేపు ఆలోచించి, "తెలియదమ్మా. ఏడేళ్లుగా ఇక్కడున్నాను, ఒక్కరినీ కలవలేదు" అంది.

ముప్పై ఏళ్లు బాపట్ల దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఆస్ట్రేలియా అంటే ఉన్ని, గోధుమలు, బంగారు గనులు, అంతే చెప్పాను. ఆ నేల మీద అంతకుముందు ఉన్న ఆదివాసులు ఎవరో, వాళ్లేమయ్యారో ఏ ఏడాదీ చెప్పలేదు. అమ్మాయి జవాబు విన్నాక ఆ లోటు నన్ను పట్టుకుంది. రెండు నెలలు లైబ్రరీ చుట్టూ తిరిగాను. 2024 ఏప్రిల్‌లో మనవడికి సెలవులిచ్చారు. కారులో సిడ్నీ దాకా వెళ్లొద్దామని అల్లుడన్నాడు. దారి నేను చెప్తానన్నాను.

సాయంత్రం ఊళ్లోనే మొదలుపెట్టాం. యుద్ధ స్మారకం మెట్ల మీద నిలబడి స్వాన్‌స్టన్ వీధి వైపు చూస్తే, వీధి చివర ఒక అపార్ట్‌మెంట్ టవరు కనిపిస్తుంది. దగ్గరికి వెళితే తెల్లటి బాల్కనీ పలకలు తప్ప ఏమీ తెలియదు. దూరం నుంచి చూస్తే ఆ పలకల వంపులన్నీ కలిసి ఒక గడ్డం ముసలాయన ముఖమవుతాయి. ఆయన విలియం బరాక్, ఊరుండ్జరీల పెద్ద. మావాడికి పదేళ్లు, ముఖం వాడికే ముందు కనిపించింది.

1835లో జాన్ బాట్‌మన్ అనే ఆయన టాస్మేనియా నుంచి వచ్చి, దుప్పట్లు, కత్తులు, అద్దాలు, పిండి లాంటివి ఇచ్చి ఇక్కడ ఆరు లక్షల ఎకరాలు కొన్నానన్నాడు. అప్పుడు చిన్నపిల్లవాడిగా ఉన్న బరాక్ ఆ బేరం కళ్లారా చూశానని తర్వాత చెప్పాడు. అదే ఏడాది గవర్నర్ బర్క్ ఆ ఒప్పందం చెల్లదని ప్రకటించాడు. మోసం జరిగిందని కాదు. ఈ నేల మొత్తం బ్రిటిష్ రాజుదే కాబట్టి, దాన్ని అమ్మే హక్కు అక్కడి మనుషులకు లేదని. ఆ తర్వాత వచ్చిన ప్రతి చట్టం ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

రెండో రోజు: కొరండెర్క్

మెల్‌బోర్న్ నుంచి హీల్స్‌విల్‌కి గంటా పావు ప్రయాణం. యారా లోయ నిండా ద్రాక్షతోటలు, వెనక నీలంగా కొండలు. టూరిస్టులు వైన్ రుచి చూడటానికి వస్తారు. మేం మాత్రం ఊరి బయట ఒక చిన్న దారిలోకి తిరిగాం. దాని పేరు బరాక్ లేన్.

కొరండెర్క్ అంటే ఇక్కడ వేసవిలో తెల్లగా పూసే ఒక పొద పేరు. అంతకుముందు ఇచ్చిన చోటి నుంచి పశువుల ఆసాములు వెళ్లగొట్టించాక, 1863లో సైమన్ వొంగా, బరాక్ కలిసి తమ జనాన్ని వెంటబెట్టుకుని కొండ దాటి వచ్చి ఈ చోటును తామే ఎంచుకున్నారు. ప్రభుత్వం మొదట 2,300 ఎకరాలు కేటాయించింది. జాన్ గ్రీన్ అనే స్కాట్లండ్ బోధకుడు మేనేజరుగా వచ్చాడు. ఆయన కర్ర పట్టలేదు. ఊరి తప్పొప్పులు ఊరివాళ్లే కూర్చుని తేల్చుకోవాలన్నాడు. పదేళ్లు తిరగకుండానే ఇళ్లు, బడి, తోటలు వచ్చాయి. హాప్స్ పంట వేశారు. బీరులో చేదు కోసం వాడే పువ్వు అది. పొడుగాటి గుంజల మీదికి తీగ ఎక్కించి పెంచుతారు, అచ్చం మన తమలపాకు తోటల్లాగే. మెల్‌బోర్న్ అంతర్జాతీయ ప్రదర్శనలో కొరండెర్క్ హాప్స్‌కి మొదటి బహుమతి వచ్చింది.

పంట బాగా పండటమే వాళ్ల కొంప ముంచింది. బంజరుగా ఉన్నంత కాలం ఆ నేల ఎవరికీ అక్కర్లేదు. పండటం మొదలయ్యాక చుట్టుపక్కల రైతుల కళ్లు పడ్డాయి. పై అధికారం అప్పటికే ఆదివాసుల రక్షణ బోర్డు చేతిలో ఉంది. 1869లో విక్టోరియా చేసిన చట్టం ప్రకారం వాళ్లు ఎక్కడ ఉండాలో, ఎవరి దగ్గర పనిచేయాలో, కూలి డబ్బులు ఎవరి చేతికి వెళ్లాలో, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో అన్నీ నిర్ణయించే అధికారం ప్రభుత్వానిది. దాని పేరు రక్షణ చట్టం. 1874లో బోర్డు గ్రీన్‌ని తప్పించింది. ఊరిని ఎత్తేసి జనాన్ని దూరంగా ముర్రే నది వైపు పంపాలని చూసింది.

అప్పుడు కొరండెర్క్ జనం చేసిన పని నన్ను ఈ ఊరికి రప్పించింది. వాళ్లు ఉత్తరాలు రాశారు. మంత్రులకు, పత్రికలకు, బోర్డుకు, మళ్లీ మళ్లీ రాశారు. రాయడంతో ఆగలేదు, నడిచారు. ఇక్కడి నుంచి పార్లమెంటు దాకా అరవై కిలోమీటర్లు నడిచి వెళ్లి మంత్రి ముందు నిలబడ్డారు. మేం ఏసీ కారులో వచ్చిన రోడ్డు అదే. యాన్ బాన్ అనే స్కాటిష్ వితంతువు లాంటి కొద్దిమంది తెల్లవాళ్లు తోడు నిలిచారు. 1881లో పార్లమెంటు విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. ఆ సంఘం ముందు కొరండెర్క్ వాళ్లు స్వయంగా సాక్ష్యం చెప్పారు. గ్రీన్‌ని తిరిగి పంపండి, మమ్మల్ని ఇక్కడే ఉండనివ్వండి, అదే వాళ్ల కోరిక. ఊరు తాత్కాలికంగా నిలిచింది.

బోర్డు ఊరుకోలేదు, ఇంకో దారి వెతికింది. 1886 చట్టంతో రక్తం కొలవడం మొదలుపెట్టింది. తండ్రో తాతో తెల్లవాడైతే, వయసు 34 ఏళ్ల లోపైతే, నువ్వు ఆదివాసివి కావు, రిజర్వు (ఆదివాసులకు కేటాయించిన నేల) వదిలి పో అన్నారు. అన్నను ఉంచి తమ్ముణ్ని పంపారు. పనిచేసే వయసు వాళ్లు వెళ్లిపోతే హాప్స్ తోట ఎవరు చూస్తారు? తోట పాడుపడింది. నేల వాడకంలో లేదని చెప్పి 1893లో సగం భూమి లాక్కున్నారు. చేతులు నరికి, కోత కోయలేదని పొలం తీసుకోవడమే కదా ఇది. బరాక్ 1903లో పోయాడు. 1924లో ఊరు మూసేసి, మిగిలిన వాళ్లలో చాలామందిని లేక్ టైర్స్ అనే ఇంకో రిజర్వుకి తరలించారు. కొందరు ముసలివాళ్లు కదలమని మొండికేసి ఇక్కడే ఉండిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ భూమిని సైనికుల పునరావాసం కింద పంచారు. కొరండెర్క్ నుంచి యుద్ధానికి వెళ్లినవాళ్ల కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకు మాత్రం అందలేదు.

మిగిలింది శ్మశానం. అరెకరం. 1991లో దాన్ని ఊరుండ్జరీలకు తిరిగి ఇచ్చారు. కంచె ఇవతలే నిలబడ్డాం, ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి పోవడం నాకు మనసొప్పలేదు. గడ్డి ఎండి పసుపుపచ్చగా ఉంది. దాదాపు 300 మంది అక్కడ ఉన్నారంటారు, పేర్లున్న రాళ్లు చాలా తక్కువ. మావాడు కంచె తీగ పట్టుకుని, "అమ్మమ్మా, మిగతావాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?" అన్నాడు. వాళ్ల మనవలకు తెలుస్తాయి నాన్నా అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

మూడో రోజు: బార్మా, కమ్మెరగుంజ

ఉత్తరానికి మూడు గంటలు. దారిలో షెపర్టన్, పండ్లతోటల ఊరు. ముర్రే నది దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకి రెండు వైపులా ఎర్రచెక్క యూకలిప్టస్ అడవి. బార్మాలో వంతెన దాటితే న్యూ సౌత్ వేల్స్. వంతెనకు అవతల కొద్ది దూరంలో కమ్మెరగుంజ, యొర్తా యొర్తా ప్రజల ఊరు. ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్న ఊరది, చూసి పోవడానికి పెట్టిన ప్రదర్శన కాదు. అందుకే ఊళ్లోకి పోకుండా నది ఒడ్డునే ఆగాం.

ఇక్కడ ఒక మన దేశపు మనిషి ఉన్నాడని లైబ్రరీలో చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. థామస్ షడ్రక్ జేమ్స్. భారతీయ తల్లిదండ్రులకు 1859లో మారిషస్‌లో పుట్టాడు. మన కోరంగి రేవు నుంచి చెరకు తోటల కూలీలుగా తెలుగువాళ్లు ఓడలెక్కి వెళ్లిన ద్వీపమే అది. ఆస్ట్రేలియా వచ్చి, ఈ పక్కనే ఉన్న మలోగా మిషన్‌లో, తర్వాత 1888లో ఏర్పడిన కమ్మెరగుంజలో బడిపంతులయ్యాడు. యొర్తా యొర్తా అమ్మాయి ఆడా కూపర్‌ని పెళ్లి చేసుకున్నాడు. పగలు పిల్లలకు, రాత్రి పెద్దవాళ్లకు చదువు చెప్పాడు. అక్షరాలు ఒక్కటే కాదు, ప్రభుత్వానికి అర్జీ ఎలా రాయాలో కూడా నేర్పాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో బావమరిది విలియం కూపర్ ఉన్నాడు. డగ్లస్ నికల్స్ ఉన్నాడు, ఫుట్‌బాల్ ఆడి, పాస్టరై, 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నరైనవాడు. ఒక పల్లె బడి నుంచి ఇంతమంది! ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టినదాన్ని కాబట్టి ఆ పంతులు విలువ నాకు బాగా అర్థమైంది.

కమ్మెరగుంజ కథ కొరండెర్క్ కథే, బోర్డు వేరు, అంతే. మొదట కుటుంబాలకు సాగు చేసుకోవడానికి చిన్న కమతాలిచ్చారు. చెట్లు కొట్టి, దున్ని, పంట తీశాక వెనక్కి తీసుకున్నారు. 1909లో న్యూ సౌత్ వేల్స్ చట్టం వచ్చాక మేనేజరు మాటే శాసనమైంది. ఎదురు చెప్పినవాళ్లను ఊరి నుంచి వెళ్లగొట్టొచ్చు. రేషను ఆపొచ్చు. బయటివాళ్లు లోపలికి రావాలన్నా అనుమతి కావాలి.

ఈ పాసులు, అనుమతుల సంగతి చదువుతుంటే నాకు మా బాపట్ల పక్కనున్న స్టువర్టుపురం గుర్తొచ్చింది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టిన సెటిల్‌మెంటు అది. అక్కడా హాజరు, అక్కడా పాసులు. రెండూ ఒకే సామ్రాజ్యం కాలంలోవే. ఆ ఊరి పిల్లలు నా క్లాసులో కూర్చున్నారు. 1952లో ఆ చట్టం పోయినా, ఊరి పేరు చెప్పడానికి వాళ్లు ఎలా జంకేవారో నాకు తెలుసు.

1939 ఫిబ్రవరి 4న కమ్మెరగుంజ జనం మూటాముల్లె సర్దుకుని బయటికి నడిచారు. చాలని రేషను, జబ్బులు, మేనేజరు పెట్టే బాధలు, అన్నిటికీ మించి పిల్లల్ని ఎత్తుకుపోతారన్న భయం. దాదాపు 200 మంది ఈ నది దాటి విక్టోరియా వైపు, అంటే మేం నిలబడ్డ ఒడ్డు వైపు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. పిల్లల్ని, ముసలివాళ్లను వెంటబెట్టుకుని రాష్ట్రం సరిహద్దు దాటారు. వాళ్లకు అండగా మాట్లాడిన జాక్ పాటెన్‌ని పోలీసులు అరెస్టు చేశారు. చాలామంది తిరిగి వెళ్లలేదు. మూరూప్నా, షెపర్టన్ మధ్య నది పల్లపు నేలల్లో రేకులు, గోనెపట్టాలతో ఇళ్లు కట్టుకుని, పండ్లు కోసే కూలికి వెళ్లారు. 1954లో ఎలిజబెత్ రాణి ఆ దారిన వస్తుందని, ఆ గుడిసెలు ఆమెకు కనపడకుండా రోడ్డు పక్కన గోనెపట్టా తెరలు కట్టారట. పొద్దున మేం కాఫీ తాగడానికి ఆగిన ఊరది.

నది ఒడ్డున ఒక పెద్దావిడ గాలం వేసుకుని కూర్చుంది. అమ్మాయి పలకరించి, ఏమని పిలవాలని అడిగింది. ఆంటీ అంటే చాలంది. ఇక్కడ ఆదివాసీ పెద్దల్ని గౌరవంగా పిలిచే పిలుపు అదే, ఆంటీ, అంకుల్. మన ఊళ్లో పెద్దమ్మా, బాబాయ్ అనడం లాంటిది. వాళ్లమ్మ చిన్నప్పుడు ఈ నది దాటిందట. "అమ్మ ఎప్పుడూ పారిపోయాం అనలేదు, నడిచొచ్చేశాం అనేది" అని అమ్మాయి ద్వారా నాకు చెప్పించింది. నేను చేతులు జోడించాను. ఆమె నవ్వి, మావాడి చేతికి గాలం ఇచ్చింది. వాడికి చేప పడలేదు కానీ అరగంట కదల్లేదు.

యొర్తా యొర్తాలు 1990లలో తమ భూమి హక్కు కోసం కోర్టుకెక్కారు. 1998లో జడ్జి కొట్టేశాడు. మీ పూర్వీకుల సంప్రదాయాన్ని చరిత్ర ఆటుపోట్లు కడిగేశాయి అని తీర్పు. అందుకు ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి 1881లో మలోగా ఆదివాసులు గవర్నరుకు పెట్టుకున్న అర్జీ! మా నేల అంతా పోయింది, సాగుకు కాస్త భూమి ఇప్పించండి అని వేడుకుని రాసిన కాగితమే, పాత బతుకు వదిలేశారనడానికి సాక్ష్యమైంది. 2002లో పై కోర్టు కూడా తీర్పు మార్చలేదు. రాత్రి లాడ్జిలో ఈ సంగతి మా వాళ్లకు చెప్పాను. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

నాలుగో రోజు: కూటముండ్రా

ఐదు గంటల పైన డ్రైవింగ్. చదును నేల, గొర్రెలు, గోధుమ మళ్లు. దారిలో డెనిలిక్విన్. దానికి దగ్గర్లోని మూనాకల్లా అనే చిన్న స్థావరం నుంచి 1917లో మార్గరెట్ టక్కర్ అనే పదమూడేళ్ల అమ్మాయిని, ఆమె చెల్లెల్ని పోలీసులు కారులో తీసుకెళ్లారు. తల్లి ఏడ్చి మొత్తుకున్నా వినలేదు. వాళ్లను తీసుకెళ్లిన చోటికే మా ప్రయాణం.

కూటముండ్రా అనగానే మా అల్లుడి కళ్లు మెరిశాయి. డాన్ బ్రాడ్‌మన్ పుట్టిన ఊరు. 1908 ఆగస్టు 27న ఆయన పుట్టిన ఇల్లు మ్యూజియంగా ఉంది. చిన్న చెక్క ఇల్లు, ఒక మంత్రసాని నడిపిన ప్రసూతి ఆసుపత్రి అది. మావాడు బ్యాట్లన్నీ చూసి తెగ సంబరపడ్డాడు. వాడి సంబరం పాడుచేయాలని నాకు లేదు. కానీ అదే ఊళ్లో ఇంకో పాత ఆసుపత్రి భవనం ఉంది. దాని కోసమే వచ్చాం.

1911లో రక్షణ బోర్డు ఆ భవనంలో ఆదివాసీ ఆడపిల్లల శిక్షణ గృహం తెరిచింది. మగపిల్లలకు 1924 నుంచి కించెలాలో ఇంకొకటి. మొదట్లో తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని విడదీయాలంటే, వాళ్లు పిల్లల్ని సరిగా చూడటం లేదని మేజిస్ట్రేటు ముందు రుజువు చేయాల్సి ఉండేది. రుజువు చేయడం కష్టమవుతోందని 1915లో చట్టం సవరించారు. ఇక కోర్టు అక్కర్లేదు. పిల్లకు మంచిదని బోర్డు అనుకుంటే చాలు. బోర్డు రిజిస్టర్లలో ఎందుకు తీసుకొచ్చారు అనే గడిలో కొన్నిచోట్ల ఆదివాసి కావడం వల్ల అని మాత్రమే రాసి ఉంది. చరిత్రకారుడు పీటర్ రీడ్ ఈ రికార్డులు తవ్వి తీశాడు. దొంగిలించబడ్డ తరాలు అనే మాటను 1981లో వాడుకలోకి తెచ్చింది ఆయనే.

ఆడపిల్లలకు ఇచ్చిన శిక్షణ ఇల్లు ఊడవడం, బట్టలు ఉతకడం, ఇస్త్రీ, వంట. పద్నాలుగు పదిహేనేళ్లు రాగానే తెల్లవాళ్ల ఇళ్లల్లో పనికి పంపేవారు. జీతంలో చేతికిచ్చేది చిల్లర, మిగతాది బోర్డు ఖాతాలోకి. ఆ ఖాతా డబ్బు చాలామందికి ఎన్నడూ రాలేదు. వాళ్ల భాష మాట్లాడనివ్వలేదు, అన్నాచెల్లెళ్లను కలవనివ్వలేదు. మార్గరెట్ టక్కర్ సిడ్నీలో పనికి కుదిరిన ఇంట్లో దెబ్బలు తింది. ఆమె తర్వాత విలియం కూపర్‌తో కలిసి ఆదివాసుల సంఘం పెట్టడానికి నడుం కట్టిన వాళ్లలో ఒకరైంది.

ఈ గృహం 1960ల చివరి దాకా నడిచింది. నాకప్పుడు ఆరేడేళ్లు. నేను పలక పట్టుకుని బడికి వెళ్తున్న రోజుల్లో, నా ఈడు పిల్లలు ఇక్కడ ఉన్నారు. చరిత్ర అనుకుని చదివింది ఒక్కసారిగా నా వయసులోకి వచ్చేసింది.

గేటు బయట కారు ఆపాం. మనవడు దిగలేదు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని, "నన్నెవరన్నా అలా తీసుకెళ్తే మీరు వచ్చి తెచ్చుకుంటారుగా?" అన్నాడు. అమ్మాయి వాణ్ని దగ్గరికి లాక్కుంది. ఆ తల్లులూ వచ్చేవారు. రైలెక్కి, నడిచి, వచ్చి ఈ గేటు దగ్గర నిలబడితే తిప్పి పంపేసేవారు. వాడికి ఆ మాట చెప్పలేదు.

ఐదో రోజు: కాన్‌బెరా

రెండు గంటల్లో కాన్‌బెరా. రాజధాని అంతా గీత గీసినట్టు ఉంటుంది.

1937 ఏప్రిల్‌లో టాస్మేనియా తప్ప మిగతా రాష్ట్రాల రక్షణ అధికారులు మొదటిసారి ఇక్కడే కూర్చున్నారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎన్నో ఏళ్లు ఆ పదవిలో ఉన్న ఎ.ఓ. నెవిల్ వాళ్లలో ముఖ్యుడు. పూర్తి రక్తం లేని ఆదివాసులందరూ కాలక్రమేణా తెల్లజనంలో కలిసిపోవాలి, ప్రయత్నమంతా అందుకే సాగాలి, అని తీర్మానించారు. కొరండెర్క్‌లో రక్తం కొలిచి గెంటేసిన ఆలోచనే ఇక్కడికొచ్చి దేశవిధానమైంది. 1950లలో దాన్నే సమ్మేళనం అన్నారు. న్యూ సౌత్ వేల్స్ 1943 నుంచి మినహాయింపు పత్రాలిచ్చింది. ఈ మనిషి ఇక చట్టం దృష్టిలో ఆదివాసి కాదు అని ఫొటోతో సహా ఉన్న కాగితం అది. అది చూపిస్తే హోటల్లోకి రానిస్తారు, కానీ రిజర్వులో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి మామూలుగా వెళ్లకూడదు. వాళ్లు దాన్ని కుక్క లైసెన్సు అని పిలిచేవారు.

పాత పార్లమెంటు తెల్లటి భవనం ముందు పచ్చిక మీద గుడారాలు, ఒక చిన్న షెడ్డు, ఆరకుండా చూసుకునే నిప్పు. ఇదే ఆదివాసుల గుడారపు రాయబార కార్యాలయం. 1972 జనవరి 25న ప్రధాని మెక్‌మాన్ భూమి హక్కు ఇవ్వబోమని ప్రకటించాడు, కావాలంటే లీజుకిస్తామన్నాడు. మర్నాడు సిడ్నీ నుంచి నలుగురు కుర్రాళ్లు వచ్చి ఇక్కడ ఒక బీచ్ గొడుగు పాతారు. సొంత నేల మీదే పరాయివాళ్లమయ్యాం కాబట్టి మాకూ రాయబార కార్యాలయం కావాలన్నారు. జులైలో పోలీసులు పీకేశారు. మళ్లీ వేశారు. 1992 నుంచి కదలకుండా ఉంది. నిప్పు దగ్గర కూర్చున్నాయన రమ్మని సైగ చేసి, ఆకు ఒకటి మావాడి చేతికిచ్చి మంటలో వేయమన్నాడు. యూకలిప్టస్ పొగ కమ్మగా ఉంది.

ఇదే భవనం 1927 మే 9న ప్రారంభమైన రోజు, జిమ్మీ క్లెమెంట్స్ అనే విరాజురి తెగ పెద్దాయన కొండలు దాటి రోజుల తరబడి నడిచి వచ్చాడు. పాత సూటు, చెప్పుల్లేని కాళ్లు, వెంట కుక్కలు. బట్టలు బాలేవని పోలీసులు పొమ్మంటే, జనం ఆయన పక్షాన కేకలేసి నిలబెట్టారు. ఆయన కదల్లేదు. ఈ నేల మీద తన హక్కు చెప్పుకోవడానికి వచ్చానన్నాడు.

కొత్త పార్లమెంటులో యిర్కాలా అనే చోటి నుంచి 1963లో వచ్చిన అర్జీలు చూశాం. చెట్టు బెరడు మీద రంగులతో చేపలు, తాబేళ్లు, మధ్యలో టైపు కొట్టిన కాగితం. గని కోసం తమ నేల తీసుకోవద్దని యోల్ంగు ప్రజలు రాసుకున్నారు, వాళ్ల భాషలోనూ ఇంగ్లీషులోనూ. గని వచ్చేసింది. నాలుగేళ్లకు, 1967 మే 27న, జనాభా లెక్కల్లో ఆదివాసుల్ని కలపకూడదన్న వాక్యాన్ని రాజ్యాంగం నుంచి తీసేయమని 90 శాతం పైగా ఓటేశారు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ ఇక్కడే, తల్లుల నుంచి వేరుచేసిన పిల్లలందరికీ క్షమాపణ చెప్పాడు. 1997 నాటి విచారణ నివేదిక ఆ క్షమాపణ అడిగింది. 1910 నుంచి 1970 వరకు ప్రతి పదిమంది ఆదివాసీ పిల్లల్లో ఒకరి నుంచి, ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా విడదీశారని అందులో ఉంది. క్షమాపణకు పదకొండేళ్లు పట్టింది.

రాత్రి భోజనం దగ్గర అల్లుడు మెల్లగా అన్నాడు: "అత్తయ్యా, మొన్న అక్టోబర్లో రిఫరెండంలో నేను నో వేశాను." 2023 అక్టోబర్ 14న, ఆదివాసుల తరఫున పార్లమెంటుకు సలహా చెప్పే సంఘం ఒకటి రాజ్యాంగంలో ఉండాలా అని అడిగారు. 60 శాతం వద్దన్నారు. కాన్‌బెరా ఉన్న రాజధాని ప్రాంతం ఒక్కటే అవునంది. "సరిగ్గా తెలియకపోతే నో వేయండి అని టీవీలో చెప్పారు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో కూడా అదే. నాకు నిజంగానే తెలియదు, వేసేశాను" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ మాట పైకి చెప్పడం తేలిక కాదు. తెలియకపోవడం అతనొక్కడి తప్పూ కాదు. సిటిజన్‌షిప్ వచ్చిన రోజు జెండా ఊపి ఫొటోలు దిగిన మన పిల్లలందరి చేతికీ ఓటొచ్చింది, ఈ కథ మాత్రం ఎవరూ చెప్పలేదు. మన ఇళ్లలో మనమన్నా చెప్పుకోవాలి.

ఆరో రోజు: సిడ్నీ

ఓపెరా హౌసు చూశాం, వంతెన చూశాం. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మధ్యాహ్నం ఎలిజబెత్ వీధికి వెళ్లాం, ఆస్ట్రేలియన్ హాల్ వెతుక్కుంటూ.

1938 జనవరి 26న ఈ ఊరు తెల్లవాళ్లు దిగి 150 ఏళ్లయిందని పండగ చేసుకుంది. ఓడ దిగే దృశ్యం నటించడానికి మెనిండీ లాంటి దూరప్రాంతాల నుంచి ఆదివాసుల్ని తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా రెడ్‌ఫర్న్ పోలీసు బ్యారక్‌లో ఉంచారు. అదే రోజు ఈ హాల్లో వందమంది దాకా ఆదివాసులు నల్లబట్టలు వేసుకుని కూర్చుని, ఇది మాకు సంతాప దినం అన్నారు. జాక్ పాటెన్, విలియం ఫెర్గూసన్ సభ నడిపారు. పూర్తి పౌరహక్కులు కావాలని తీర్మానించారు.

విలియం కూపర్ మెల్‌బోర్న్ నుంచి వచ్చాడు, అప్పటికి డెబ్భై ఏడేళ్లవాడు. పార్లమెంటులో తమకూ ఒక ప్రతినిధి కావాలని రాజుకు రాసిన అర్జీ మీద 1,814 సంతకాలు సేకరించాడు. సంతకాల కోసం మిషన్లు తిరగడానికి ఏళ్లు పట్టింది. ప్రభుత్వం దాన్ని లండన్‌కు పంపనే లేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో, జర్మనీలో యూదుల మీద దాడులు జరిగాయని తెలిసి, మెల్‌బోర్న్‌లో జర్మన్ కాన్సులేట్ దాకా ఊరేగింపుగా వెళ్లి నిరసన పత్రం ఇవ్వబోయాడు. వాళ్లు తీసుకోలేదు. తన జనానికే ఓటు లేని మనిషి, సముద్రాల అవతలివాళ్ల కోసం నడిచాడు. 1941లో పోయాడు, కమ్మెరగుంజ మట్టిలోనే ఉన్నాడు.

హాలు ముందు భాగం బాగుంది, తలుపు మూసి ఉంది. సంతాప దినం నాడు వచ్చినవాళ్లను ఆ ముందు తలుపు నుంచి రానివ్వలేదని, వెనక తలుపు నుంచి రమ్మన్నారని మావాడికి చెప్పాను.

"అయితే వెనక్కి వెళ్దాం అమ్మమ్మా" అన్నాడు.

అల్లుడు పార్కింగ్ మీటర్లో ఇంకో గంటకు డబ్బు కట్టాడు. చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్లాం. చెత్త డబ్బాలు, ఏసీ యంత్రాల హోరు, ఒకదాని పక్కన ఒకటి ఇనుప తలుపులు. వాటిలో అది ఏదో తెలియలేదు. మావాడు ఒక్కో తలుపు దగ్గరా ఆగి, చేత్తో తాకి చూస్తూ, సందు చివరిదాకా నడిచాడు. వాడి వెనకాలే మేం ముగ్గురం నడిచాం.